గాలిని చూపించే ఉద్యోగం

(ఉపాధ్యాయులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు "కొండ మీద గైడ్ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పండి, కాస్త సైన్సు కూడా కలపండి" అన్నారు. ఆ ఉద్యోగంలో ఈ రెండూ విడివిడిగా ఉండవు కాబట్టి నాకు పని తేలికైంది.

నేను వేసవి సీజన్లలో పనిచేసింది మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద. అమెరికా ఈశాన్యంలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉంది. ఎత్తు 6,288 అడుగులు, అంటే 1,917 మీటర్లు. అంకె వినగానే మీలో కొందరు "ఇంతేనా" అనుకుని ఉంటారు. నిజమే, మన ఊటీయే 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అమెరికా తూర్పు భాగంలో కూడా అన్నిటికన్నా ఎత్తైనది ఇది కాదు. నార్త్ కరోలినాలోని మౌంట్ మిచెల్ ఎత్తు 6,684 అడుగులు. కానీ వాషింగ్టన్ శిఖరం మీద ఏడాదిలో సుమారు 110 రోజులు గాలి హరికేన్ స్థాయిని దాటుతుంది. అంటే గంటకు 120 కిలోమీటర్లకు అటూఇటూ. ఏడాది మొత్తం సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకన్నా తక్కువ. జులైలో కూడా సగటు 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఏడాదిలో ప్రతి నెలలోనూ అక్కడ మంచు కురిసిన రికార్డు ఉంది.

ఇంత చిన్న కొండకు ఇంత వాతావరణం ఎందుకొచ్చింది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు. ఉత్తర అమెరికా ఖండం మీద తిరిగే తుఫానుల దారుల్లో చాలావరకు ఈ ఈశాన్య మూలకే వచ్చి కలుస్తాయి. రెండోది, ఈ పర్వతాల వరస ఉత్తర దక్షిణాలుగా నిలబడి ఉంది, గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది, అంటే నేరుగా వచ్చి గోడకు కొట్టుకున్నట్టే. ఇక మూడోది, కొండ ఎక్కే గాలికి పైన కూడా అడ్డం ఉంటుంది. పై పొరల్లోని గాలి కదలకుండా మూతలా ఉంటే, ఆ మూతకూ శిఖరానికీ మధ్య ఉన్న కొద్ది సందులోంచే గాలి అంతా పోవాలి. నీళ్ల పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు ఎలా చిమ్ముతాయో, శిఖరం మీద గాలి అలా వేగం పుంజుకుంటుంది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. శిఖరం మీద సీజన్ మే నెలలో మొదలై అక్టోబరు మధ్యలో ముగుస్తుంది. జనం మూడు దారుల్లో వస్తారు. ఒకటి కార్ల రోడ్డు, 1861లో తెరిచారు, 7.6 మైళ్లు. రెండోది కాగ్ రైల్వే. పట్టాల మధ్య ఉన్న పళ్ల కమ్మీని ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం పట్టుకుని ఎక్కుతుంది. 1869 నుంచీ నడుస్తోంది, కొండ ఎక్కడానికి ఈ పద్ధతిలో కట్టిన రైళ్లలో ప్రపంచంలోనే మొదటిది. మూడోది కాలినడక. ఈ మూడో దారిన వచ్చినవాళ్లు శిఖరానికి చేరేసరికి అలిసిపోయి, చెమటలు పట్టి, కొండ ఎలా మారుతూ వచ్చిందో చూసి ఉంటారు. వాళ్లకు నేను చెప్పాల్సింది తక్కువ, వాళ్లను అడగాల్సింది ఎక్కువ. మొదటి రెండు దారుల్లో వచ్చేవాళ్లు మూడున్నర వేల అడుగులకు పైగా ఎత్తు కూర్చునే ఎక్కేస్తారు. కింద ఎండలో టీ షర్టుతో బండి ఎక్కి, పైన అదే టీ షర్టుతో దిగుతారు. రైల్లో వచ్చినవాళ్లకు పైన గంటసేపే ఉంటుంది. అందులోనే శిఖరం బోర్డు దగ్గర ఫొటో కోసం లైను, టాయిలెట్, కాఫీ అన్నీ అయిపోవాలి. ఆ గంటలో నాకు దొరికేది పది, పదిహేను నిమిషాలు. దొరికితే.

ఆ పది నిమిషాల్లో ఏం చెప్పాలి? ఈ ప్రశ్నకు నేను కనుక్కున్న సమాధానమే ఈరోజు మీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన విషయం. రికార్డులతో మొదలుపెట్టకూడదు. చరిత్రతోనూ మొదలుపెట్టకూడదు. ఆ క్షణంలో వాళ్ల ఒంటికి ఏం తెలుస్తోందో దానితోనే మొదలుపెట్టాలి. వాళ్లకు చలేస్తోంది. జుట్టు కళ్లలో పడుతోంది. పక్కనున్న మనిషి మాట వినబడటం లేదు. అంటే పాఠం అప్పటికే మొదలైపోయింది. గైడ్ చెయ్యాల్సిందల్లా దానికి ఒక ప్రశ్న జతచెయ్యడం.

నేను ఇలా చేసేదాన్ని. గుంపును డెక్ మీదకు, అంటే చుట్టూ చూడటానికి కట్టిన వేదిక మీదకు తీసుకెళ్లి, "అందరూ కళ్లు మూసుకోండి, గాలి చప్పుడు రెండు చెవుల్లోనూ సమానంగా వినబడేదాకా తల మెల్లగా తిప్పండి" అనేదాన్ని. పిల్లలు వెంటనే చేసేస్తారు. పెద్దవాళ్లు కాస్త మొహమాటపడి తర్వాత చేస్తారు. కళ్లు తెరవమంటే అందరి మొహాలూ ఒకే వైపు ఉంటాయి. గాలి వస్తున్న వైపు అది. చాలా రోజుల్లో అది పడమర. "అక్కడ ఏముంది?" అని అడుగుతాను. లోయ, దాని అవతల చిన్న కొండలు. దగ్గర్లో దీన్ని ఆపేంత ఎత్తైనది ఒక్కటీ లేదని వాళ్లే చెప్తారు. ఇందాక మీకు చెప్పిన కారణాల్లో ఒకటి, ఒక్క వాక్యం కూడా నేను చెప్పకుండానే, వాళ్ల నోట్లోంచి వచ్చేసింది.

తర్వాత గాలి వేగం ఎంతో ఊహించమంటాను. చాలామంది ఉన్నదానికన్నా ఎక్కువ చెప్తారు. చేతిలో పట్టుకునే చిన్న యంత్రం గాలికి ఎత్తి చూపిస్తే ఆశ్చర్యపోతారు. ఒకసారి అది 33 మైళ్లు చూపించిందనుకోండి. అప్పుడు, అప్పుడు మాత్రమే, 1934 సంగతి చెప్తాను. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈ శిఖరం మీద గాలి గంటకు 231 మైళ్ల వేగంతో వీచింది, అంటే 372 కిలోమీటర్లు. 33కు సరిగ్గా 7 రెట్లు. కానీ గాలి వేగం రెట్టింపైతే మన మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి 7 రెట్ల వేగానికి తోపు 49 రెట్లు. ఇప్పుడు మిమ్మల్ని నెడుతున్న దానికి 49 రెట్లు ఊహించుకోండి అంటాను. క్లాసులో బోర్డు మీద వర్గం అని రాస్తే ఆవులించే పిల్లాడు అక్కడ రైలింగు గట్టిగా పట్టుకుంటాడు.

1934 గురించి ఇంకాస్త చెప్పాలి, అది నాకు చాలా ఇష్టమైన కథ. అంతకు రెండేళ్ల ముందే, 1932లో, బాబ్ మోనహాన్, సాల్ పాగ్లియూకా, అలెక్స్ మెకెంజీ, జో డాడ్జ్ అనే నలుగురు ఆ శిఖరం మీద అబ్జర్వేటరీ, అంటే వాతావరణాన్ని గమనించి కొలిచే కేంద్రం, మొదలుపెట్టారు. ఎగిరిపోకుండా గొలుసులతో రాతికి కట్టేసిన చెక్క భవనంలో ఉండేవాళ్లు. ఆరోజు గాలి పెరుగుతుంటే, వెండెల్ స్టీఫెన్సన్ అనే అబ్జర్వర్ బయటికెళ్లి గాలి యంత్రం మీద పేరుకున్న మంచును కొట్టి వచ్చాడు. ఆ యంత్రం మంచు పట్టకుండా వేడి చేసేలా తయారు చేసినదే, అయినా మంచు పేరుకుంది. లోపల స్టాప్‌వాచ్ పట్టుకుని, యంత్రం నుంచి వచ్చే క్లిక్కుల మధ్య సమయం లెక్కపెట్టారు. 231 వచ్చింది. జనం దీన్ని నమ్ముతారా అన్నదే తమకు మొదట వచ్చిన ఆలోచన అని లాగ్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత యంత్రాన్ని పరీక్షకు పంపారు, కొలత సరైనదేనని తేలింది.

ఆ రికార్డు ఇప్పుడు ప్రపంచ రికార్డు కాదు. 1996 ఏప్రిల్ 10న ఒలివియా తుఫానులో ఆస్ట్రేలియాకు చెందిన బారో ద్వీపం మీద 253 మైళ్ల గాలి నమోదైంది. అక్కడున్నది మనుషులు లేని ఆటోమేటిక్ కేంద్రం. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని 2010లో అధికారికంగా గుర్తించింది. ఈ సంగతి చెప్తే సందర్శకులు కొంచెం నిరాశపడతారు. అయినా చెప్పి తీరాలి. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లను సంతోషపెట్టడానికి పాత రికార్డును పట్టుకుని వేలాడితే, ఆ తర్వాత మనం చెప్పే ఏ అంకెకూ విలువ ఉండదు. పైగా మనుషులు స్వయంగా అక్కడుండి కొలిచిన గాలుల్లో 231దే ఇప్పటికీ మొదటి స్థానం. నాకది తక్కువ గొప్పగా కనిపించదు.

గాలి తర్వాత నేను ఎక్కువగా చూపించేది నేల. కొండ ఎక్కుతుంటే సుమారు 4,500 అడుగుల దగ్గర చెట్లు ఆగిపోతాయి. కొలరాడోలో అయితే 11,000 అడుగులు దాటాక కూడా చెట్లుంటాయి. ఇక్కడ ఇంత కిందే ఆగిపోవడానికి చలితో పాటు ఆ గాలి కూడా కారణం. హద్దు దగ్గర బాల్సమ్ ఫర్, బ్లాక్ స్ప్రూస్ చెట్లు మోకాలి ఎత్తు దాటకుండా నేలకు అంటుకుని పెరుగుతాయి. మోకాలి ఎత్తున్న ఆ చెట్టు వయసు చూస్తే మనకన్నా పెద్దదై ఉండొచ్చు. దాన్ని చెట్టు అని నమ్మించడానికే కొంత సమయం పడుతుంది. ఇంకా పైకి వెళితే రాళ్ల మధ్య డయాపెన్సియా అనే మొక్క ఉంటుంది. అది గట్టి కుదురులా అల్లుకుపోయి, కొన్ని అంగుళాల ఎత్తులోనే ఉండి, లోపల వెచ్చదనాన్ని దాచుకుంటుంది. జూన్‌లో తెల్లటి పూలు పూస్తుంది. ఫొటో కోసం రాతి మీద నుంచి పక్కకు వేసే ఒక్క అడుగు, ఎన్నో ఏళ్లుగా పెరిగిన కుదురును చంపేస్తుంది. హరికేన్ గాలికి తట్టుకున్న మొక్క బూటు కింద తట్టుకోలేదు.

అందుకే రాబిన్స్ సింక్‌ఫాయిల్ సంగతి అందరికీ చెప్పేదాన్ని. రెండు అంగుళాల వెడల్పు కూడా ఉండని పసుపు పూల మొక్క. ఈ చుట్టుపక్కల కొండల మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు. దాని ప్రధానమైన చోటు మధ్యలోంచే క్రాఫర్డ్ పాత్ అనే కాలిబాట వెళ్లేది. 1819లో వేసిన పాత బాట అది. బూట్ల కింద నలిగి మొక్క దాదాపు పోయే స్థితికి వచ్చింది. 1980లో అంతరించిపోతున్న జాతిగా ప్రకటించారు. తర్వాత కాలిబాటను పక్కకు మార్చారు, మొక్కలున్న చోటుకు అడ్డంగా రాళ్ల గోడ కట్టారు, కొత్త మొక్కలు పెంచి నాటారు. 2002లో ఆ జాబితాలోంచి తీసేశారు. అలా జాబితాలోంచి కోలుకుని బయటపడిన మొక్కలు చాలా తక్కువ. మొక్కల మీద కాళ్లు పెట్టొద్దు అని బోర్డు పెడితే వినని మనిషి, ఈ కథ విన్నాక తన పిల్లల్ని తనే వెనక్కి పిలవడం నేను కళ్లారా చూశాను.

రాళ్ల గురించి ఒక్క మాట. కాళ్ల కింద ఉన్న ఆ షిస్టు రాయి సుమారు 40 కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున ఉన్న బురద. అది చెప్పి ఊరుకుంటాను. ఎక్కువ చెప్తే రైలు వెళ్లిపోతుంది.

ఇక టెన్షన్ పెట్టే విషయానికి వస్తాను. 1849 నుంచి ఈ కొండ మీద, చుట్టుపక్కల శిఖరాల మీద 150 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది చనిపోయింది చలికాలంలో కాదు. చెట్ల హద్దు దగ్గర అటవీ శాఖ పెట్టిన పసుపు బోర్డు ఉంటుంది. ముందున్న చోట అమెరికాలోనే అతి దారుణమైన వాతావరణం ఉంటుందని, వేసవిలో కూడా ఎందరో చనిపోయారని, వాతావరణం బాగా లేకపోతే ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లమని దాని మీద రాసి ఉంటుంది. జనం ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి పైకి వచ్చేస్తారు.

నేను వాళ్లకు లిజ్జీ బోర్న్ గురించి చెప్పేదాన్ని. 1855 సెప్టెంబరులో 23 ఏళ్ల అమ్మాయి, బాబాయితో, ఆయన కూతురితో కలిసి మధ్యాహ్నం దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టింది. పైన టిప్ టాప్ హౌస్ అనే రాతి బసలో రాత్రి ఉందామని వాళ్ల ఆలోచన. చీకటి పడింది, పొగమంచు కమ్మేసింది, గాలి పెరిగింది. ఇక నడవలేక రాళ్లు పేర్చి అడ్డం కట్టుకుని కూర్చున్నారు. ఆ రాత్రి లిజ్జీ చనిపోయింది. తెల్లారి చూస్తే టిప్ టాప్ హౌస్ కొద్ది దూరంలోనే ఉంది. 1853లో కట్టిన ఆ బస ఇప్పటికీ ఉంది. ఆమె చనిపోయిన చోట ఒక గుర్తు నిలబెట్టారు, రైల్లోంచే కనబడుతుంది. డెక్ మీద నిలబడి ఆ చోటుకూ ఇంటికీ మధ్య దూరాన్ని చేత్తో చూపిస్తే, మామూలుగా హుషారుగా ఉండే గుంపులో కూడా మాటలు ఆగిపోతాయి. భయపెట్టాలని కాదు. మబ్బు కమ్మితే కళ్లకు ఎంత దూరం కనబడుతుందో మనిషి ముందే తెలుసుకోవాలి. సంవత్సరం మొత్తంలో సగానికి పైగా సమయం ఆ శిఖరం మబ్బు లోపలే ఉంటుంది.

గైడ్ అంటే సమాచారం చెప్పే మనిషి అనుకుంటారు. అక్కడ మనం చెప్పే సమాచారం మీద మనిషి కిందికి ఎలా వెళ్తాడన్నది ఆధారపడి ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లలతో నడిచి వచ్చిన ఒక తండ్రి, మధ్యాహ్నం మూడింటికి, కాటన్ బట్టల్లో, ఒక్క చిన్న నీళ్ల సీసాతో నా ముందు నిలబడ్డారనుకోండి. పడమట నల్లమబ్బు కనబడుతోంది. "సార్, ఆ దారిలో వెళ్లకండి" అంటే ఆయనకు నచ్చదు. పిల్లల ముందు చిన్నబుచ్చినట్టవుతుంది. అందుకని పిల్లల్నే అడిగేదాన్ని, ఆ మబ్బు ఇక్కడికి ఎంతసేపట్లో వస్తుందో లెక్క కడదామా అని. గాలి వేగం ఎంతో వాళ్లే కొలుస్తారు, మబ్బు ఏ కొండ మీద ఉందో మ్యాప్‌లో చూస్తారు, భాగిస్తారు. లెక్క వాళ్లు చేశాక నిర్ణయం తండ్రి తీసుకుంటారు, కిందికి వెళ్లే వాహనంలో చోటు ఉందా అని ఆయనే అడుగుతారు. పాఠం చెప్పడం, ప్రాణం కాపాడటం రెండు వేరువేరు పనులని నాకు అక్కడ ఎప్పుడూ అనిపించలేదు. ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ఈ పనికి మంచి పూర్వీకులున్నారు. కొలరాడోలోని లాంగ్స్ పీక్ దగ్గర ఈనోస్ మిల్స్ అనే ఆయన, పేర్లు వల్లించకుండా, మనిషిలో కుతూహలం పుట్టించే గైడ్లను తయారుచేయాలని పట్టుబట్టి శిక్షణ ఇచ్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఎస్తర్ బర్నెల్, ఎలిజబెత్ బర్నెల్ అనే అక్కచెల్లెళ్లు 1917లో నేషనల్ పార్క్ సర్వీస్ లైసెన్సు పొందిన మొదటి మహిళా ప్రకృతి గైడ్లు. ఆడపిల్లలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, ఈ పేర్లు గుర్తుంచుకోండమ్మా.

సమయం అయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

*(ప్రశ్న: మేడమ్, మొత్తం మబ్బు కమ్మేసి ఏమీ కనబడని రోజున ఏం చూపిస్తారు?)*

చాలా మంచి ప్రశ్న. ఆకాశం తేటగా ఉంటే సుమారు 130 మైళ్ల దూరం, న్యూయార్క్ రాష్ట్రంలోని కొండలు, అటు అట్లాంటిక్ సముద్రం కూడా కనబడతాయి. ఆ రోజుల్లో గైడ్ అవసరమే పెద్దగా ఉండదు, కొండే అన్నీ చూపించేస్తుంది. మబ్బు రోజునే నా పని మొదలవుతుంది. "మీరు ఇప్పుడు మబ్బు లోపల ఉన్నారు, స్వెటర్ మీద చెయ్యి పెట్టి చూడండి" అంటాను. చిన్న చిన్న నీటి చుక్కలు తగులుతాయి. సీజన్ చివర్లో, చలి సున్నా కిందకు పోయినప్పుడు, అవే చుక్కలు గడ్డకట్టకుండా ద్రవంగానే గాలిలో తిరుగుతూ, దేనికి తగిలితే దాని మీద ఆ క్షణంలోనే గడ్డకడతాయి. రైమ్ ఐస్ అంటారు. అది గాలి వస్తున్న వైపుకే పెరుగుతుంది. గాలి తోసుకుపోయే వైపుకు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. బోర్డు మీద ఉన్న రైమ్ చూసి, రాత్రంతా గాలి ఎటు నుంచి వీచిందో పిల్లలు చెప్పగలుగుతారు.

*(ప్రశ్న: పిల్లలు ఎక్కువగా అడిగేది ఏమిటండీ?)*

పిల్లి ఎక్కడ అని. అబ్జర్వేటరీలో మొదటి నుంచీ పిల్లుల్ని పెంచుతున్నారు. ఇప్పుడున్న దాని పేరు నింబస్, బూడిద రంగు పిల్లి. నేను దాన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. పిల్లి కోసం అడిగిన పిల్లాడిని, చలికాలంలో ఇక్కడ మనుషులు కూడా ఉంటారు తెలుసా అని అడగొచ్చు. అబ్జర్వర్లు వారం వారం మారుతూ ఏడాది పొడవునా పైనే ఉంటారు. గంట గంటకూ బయటికెళ్లి వాతావరణం కొలుస్తారు, రాత్రి కూడా. యంత్రాల మీద పేరుకున్న మంచును ఇనుప కడ్డీతో కొట్టి రాలుస్తారు. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 44 సెల్సియస్ దాకా పడిపోయింది. గాలి కూడా కలిస్తే శరీరానికి తెలిసే చలి మైనస్ 78 దగ్గర లెక్క తేలింది. ఆ రాత్రి కూడా వాళ్లు పనిచేశారు. పిల్లితో మొదలైన మాట ఇక్కడిదాకా వస్తుంది.

*(ప్రశ్న: ఇలాంటి పనికి వెళ్లాలంటే ఏం చదవాలి?)*

వాతావరణ శాస్త్రమో, భూగర్భ శాస్త్రమో, జీవశాస్త్రమో చదివితే మేలే, కానీ అదొక్కటే చాలదు. ప్రథమ చికిత్స నేర్చుకోండి. మ్యాపు, దిక్సూచి చూడటం నేర్చుకోండి. ఒకే విషయాన్ని రోజుకు చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది, ప్రతిసారీ వినేవాళ్లు మొదటిసారే వింటున్నారని గుర్తుంచుకునే ఓపిక కావాలి. వేసవి ఉద్యోగాలకు చలికాలంలోనే దరఖాస్తు చేసుకోవాలి, వేసవి దాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఈలోపు మీకు దగ్గర్లో ఉన్న ఏ మ్యూజియంలోనో, జూలోనో, పార్కులోనో వాలంటీరుగా చేరి, ముక్కూమొహం తెలియని మనుషులకు పది నిమిషాల్లో ఒక్క విషయం చెప్పడం సాధన చెయ్యండి. ఒక్క విషయమే. రెండోది చెప్పాలనిపిస్తే, వాళ్లు అడిగేదాకా ఆగండి.